పొలంలో మందు మానేశాం, సరే! మరి మిగతా అలవాట్ల సంగతేంది?

ఈ వారం వీడియోలో జీవామృతం లేదు, కషాయం లేదు, దిగుబడి లెక్కలు లేవు. మన ఒంటి సంగతి మాట్లాడుకున్నాం. వీడియో పైన ఉంది, చూడండి. అందులో చెప్పలేకపోయిన వివరాలు, అంకెలు ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దగానే ఉంటుంది. ఓపిక చేసుకుని చదవండి, వీలైతే ఇంట్లో వాళ్లకు చదివి వినిపించండి.

ముందుగా ఒక సంగతి చెప్పాలి.

రెండేళ్ల కింద ఎల్లారెడ్డి వైపు ఒక ఊళ్లో దేశీ వరి మీద వీడియో తీశాం. ఆ రైతు నాకు కాకా వరుస. పేరు, ఊరు రాయడం లేదు. అప్పటికి ఆరేళ్లుగా ఆయన పొలంలో ఒక్క యూరియా సంచి పడలేదు, ఒక్క పురుగుమందు డబ్బా మూత తీయలేదు. కెమెరా ముందు ధీమాగా అన్నాడు: "మందు లేని తిండి తింటున్నం కొడుకా. మాకు క్యాన్సర్ గీన్సర్ ఏదీ రాదు." ఆ మాట అంటూనే జేబులోంచి ప్యాకెట్ తీసి, చింపి, బుగ్గలో వేసుకున్నాడు. ఎడిటింగ్ చేసేటప్పుడు నేను ఆ పది సెకన్లు కట్ చేసిన. సహజ వ్యవసాయం వీడియోలో గుట్కా కనపడితే జనం ఏమనుకుంటరో అని. మాట మాత్రం ఉంచిన.

ఎనిమిది నెలల తర్వాత ఫోన్ చేసిండు. బుగ్గ లోపల పుండు. మూడు నెలల నుంచి ఉందట. వేడి చేసిందనుకుని సబ్జా నీళ్లు తాగాడు, పుండు మీద తేనె రాశాడు. నోరు తెరవడం కష్టమై, రొట్టె ముక్క లోపలికి పోకుండా అయినప్పుడు ఆసుపత్రికి పోయాడు. చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సర్. ఆపరేషన్ చేసి బుగ్గలో కొంత భాగం, దవడ ఎముకలో కొంత తీసేశారు. తర్వాత కరెంటు పెట్టారు.

ఆ పది సెకన్లు కట్ చేసే బదులు అక్కడే కెమెరా ఆపి "కాకా, అదెందుకు?" అని ఒక్క మాట అడిగి ఉంటే అనిపిస్తుంది. అడగలేదు. అందుకే ఈ వ్యాసం.

"మీ బియ్యం తింటే క్యాన్సర్ రాదు కదా?"

కామారెడ్డి నుంచి మేము హైదరాబాద్‌కు బియ్యం, పప్పులు, గానుగ నూనె పంపిస్తాం. కస్టమర్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అవును అంటే సంచి అమ్ముడుపోతుంది. మన తోటి రైతులు కొందరు లేబుల్ మీద రాస్తున్నారు కూడా. దయచేసి రాయకండి. క్యాన్సర్‌ను నయం చేస్తుంది, రాకుండా ఆపుతుంది అని ప్రచారం చేయడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. ఆహార పదార్థాలు రోగాలను నివారిస్తాయని చెప్పుకోవడాన్ని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలు కూడా ఒప్పుకోవు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ మాట నిజమని మనం నిరూపించలేం.

దీని మీద రెండు పెద్ద అధ్యయనాలు ఉన్నాయి. ఫ్రాన్స్‌లో దాదాపు 69 వేల మందిని కొన్నేళ్లు గమనించి 2018లో ఒక ఫలితం ప్రకటించారు. సేంద్రియ ఆహారం బాగా ఎక్కువగా తినేవాళ్లలో, బాగా తక్కువ తినేవాళ్లకన్నా క్యాన్సర్ 25 శాతం తక్కువగా కనపడింది. మన వాళ్లు వాట్సాప్‌లో పంపుకునేది ఇదే. రెండోది ఎవరూ పంపరు. బ్రిటన్‌లో 6 లక్షలకు పైగా మహిళల మీద జరిగిన అధ్యయనం 2014లో వచ్చింది. అందులో సేంద్రియం తిన్నవాళ్లకు, తిననివాళ్లకు మొత్తం క్యాన్సర్లలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. పైగా సేంద్రియం కొనేవాళ్లు మామూలుగానే సిగరెట్ తక్కువ తాగుతారు, కూరగాయలు ఎక్కువ తింటారు, నడుస్తారు. మేలు దేనివల్ల జరిగిందో విడదీసి చెప్పడం కష్టం.

మనం రసాయనాలు మానేసింది మంచి పనే. నేలకు, నీళ్లకు, పిచికారీ చేసే మనిషికి మంచిది. కానీ అది కవచం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం క్యాన్సర్లలో 30 నుంచి 50 శాతం దాకా నివారించుకోవచ్చు. మిగతావి వయసు వల్ల, జన్యువుల వల్ల, మన చేతిలో లేని కారణాల వల్ల వస్తాయి. అన్నీ పాటించిన మనిషికీ రావచ్చు. అందుకే ఎవరికైనా వస్తే "ఏం తప్పు చేసిండో" అనే మాట మన నోట రావద్దు. మన చేతిలో ఉన్న సగం సంగతే ఇక్కడ చెప్పుకుందాం.

మన దేశంలో 2022లో దాదాపు 14 లక్షల కొత్త క్యాన్సర్ కేసులు వచ్చాయని, 9 లక్షలకు పైగా మంది చనిపోయారని గ్లోబోకాన్ అంచనా. అందులో మొదటి వరుసలో ఉన్నవి రొమ్ము, నోరు, గర్భాశయ ముఖద్వారం. ఈ మూడూ పరికరాలు పెద్దగా లేకుండానే తొందరగా గుర్తించగలిగినవి. మనమే ఆలస్యం చేస్తున్నాం.

1. పొగాకు: ఆకు కదా అనుకోవద్దు

ఏ లెక్క తీసినా మొదటి కారణం పొగాకే. బీడీ, సిగరెట్, చుట్ట, తంబాకు, ఖైనీ, గుట్కా, జర్దా పాన్, అన్నీ ఒకే కుటుంబం. "బీడీ ఆకుది కదా, సిగరెట్ అంత చెడ్డది కాదు" అని మన ఊళ్లలో ఒక నమ్మకం ఉంది. అది తప్పు. తునికాకులో చుట్టినా లోపల ఉన్నది పొగాకే. ఆకు సరిగా కాలదు కాబట్టి గట్టిగా, మళ్లీ మళ్లీ పీల్చాలి. తారు, కార్బన్ మోనాక్సైడ్ ఊపిరితిత్తుల్లోకి ఎక్కువే పోతాయి.

వక్క సంగతి చాలామందికి తెలియదు. పొగాకు కలపని వక్కను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ, మనుషుల్లో క్యాన్సర్ కలిగించే ఒకటో గ్రూపులో పెట్టింది. "నేను ఉత్త వక్కపొడే వేసుకుంట" అనేవాళ్లు గమనించాలి. రోజూ నమిలితే నోటి లోపలి పొర గట్టిపడి నోరు తెరుచుకోవడం తగ్గిపోతుంది. అద్దం ముందు నిలబడి మూడు వేళ్లు నిలువుగా పెట్టి చూసుకోండి. పై పళ్లకు, కింది పళ్లకు మధ్య మూడు వేళ్లు పట్టకపోతే వెంటనే దంతవైద్యుడికి చూపించండి.

మన కామారెడ్డి జిల్లాలో బీడీలు చుట్టని ఊరు తక్కువ. ఎన్నో ఇళ్లలో పిల్లల ఫీజులు ఆ చాట మీదే కట్టారు. కాబట్టి ఆ పని మానేయమని నేను చెప్పలేను. అక్కలకు, వదినలకు చెప్పేది ఇది. వంట చేసే, పడుకునే గదిలో తంబాకు పెట్టకండి. గాలి ఆడే అరుగు మీద, వాకిట్లో చుట్టండి, ముక్కుకు, నోటికి బట్ట కట్టుకోండి. అన్నం తినే ముందు, పసిపిల్లను ఎత్తుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. చుడుతూ చుడుతూ చిటికెడు నోట్లో వేసుకునే అలవాటు కొందరికి ఉంటుంది. అది మాత్రం పూర్తిగా ఆపాల్సిందే.

ఇక మనం, అంటే సహజ వ్యవసాయం చేసేవాళ్లం, మరిచిపోయే పొగాకు ఒకటుంది. అగ్నిఅస్త్రం. వేపాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లితో పాటు పొగాకు పొడి కూడా అందులో వేస్తాం. ఆవు మూత్రంలో మరిగేటప్పుడు కుండ మీదికి వంగి కలుపుతుంటాం, చేత్తో పిండి వడగడతాం. నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి పోతుంది. తల తిరగడం, వాంతి వచ్చినట్లు ఉండడం దానివల్లే. ఇది క్యాన్సర్ సంగతి కాదు, విషం సంగతి. సహజమైనదంతా ఒంటికి మంచిదే అని అనుకోకూడదని చెప్పడానికి ఇక్కడ రాస్తున్నా. అగ్నిఅస్త్రం ఇంటికి దూరంగా, గాలికి ఎదురుగా కాకుండా కాయండి. చేతులకు తొడుగులు, మూతికి బట్ట ఉండాలి. వంట గిన్నెలు వాడొద్దు. పాత వీడియోల్లో నేనే ఒట్టి చేతులతో చూపించిన. అది నా తప్పు.

మానాలనుకునేవాళ్లకు ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబర్ ఉంది: 1800-11-2356. ఒక్కసారికే మానలేకపోతే సిగ్గుపడాల్సిన పని లేదు. చాలామంది మూడోసారో నాలుగోసారో మానగలిగారు. పొగ తాగడం మానేసిన పదేళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు, మానని వాళ్లతో పోలిస్తే దాదాపు సగానికి తగ్గుతుంది. యాభై ఏళ్లకు మానినా లాభమే.

2. సాయంత్రం మందు

మన భాషలో పురుగుమందు కూడా మందే, సీసాలో ఉండేది కూడా మందే. మొదటిది మానేశామని చెప్పుకునే మనం రెండోదాని గురించి మాట్లాడం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ మగవాళ్లలో 43 శాతం మంది మద్యం తాగుతామని చెప్పారు. దేశంలో చాలా రాష్ట్రాలకన్నా ఇది ఎక్కువ.

మద్యం ఐఏఆర్‌సీ ఒకటో గ్రూపులో ఉంది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్లతో దానికి సంబంధం ఉంది. 2020లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 7 లక్షల 40 వేల కొత్త క్యాన్సర్ కేసులు మద్యం వల్ల వచ్చాయని అంచనా. మద్యం, పొగాకు రెండూ ఉన్నవాళ్లకు నోటి, గొంతు క్యాన్సర్ ముప్పు రెండు ముప్పులు కలిపినదానికన్నా ఎక్కువగా పెరుగుతుంది.

"కల్లు సహజమే కదా తమ్ముడూ, చెట్టు నుంచి వచ్చేదే కదా" అని చాలామంది అంటారు. చెట్టు నుంచి తీయగా దిగే నీరా వేరు, పులిసిన కల్లు వేరు. పులిస్తే అందులో ఉండేది కూడా ఆల్కహాలే. ఇక కల్తీ కల్లు తాగి ఆసుపత్రి పాలైన వార్తలు మన జిల్లాకు కొత్త కాదు. దావత్‌లలో, పండుగలకు బలవంతంగా పోయించే పద్ధతి ముందు ఆపుదాం. క్యాన్సర్ విషయంలో ఇంత తాగితే పర్వాలేదు అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. మానితే మంచిది. మానలేకపోతే తగ్గించినంత మేలు.

3. బూజు: మన కొట్టంలో ఉన్న ముప్పు

రైతుగా నేను మీతో ఎక్కువగా మాట్లాడాల్సింది దీని గురించే. ఎందుకంటే ఇది పూర్తిగా మన చేతిలో ఉన్న పని.

మక్కలు, పల్లీలు, ఎండుమిర్చి తడి మీద ఉంటే పసుపుపచ్చ, ఆకుపచ్చ బూజు పడుతుంది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే ఈ శిలీంద్రం అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. కాలేయ క్యాన్సర్‌కు ఇది కారణమని ఐఏఆర్‌సీ ఒకటో గ్రూపులో పెట్టింది. హెపటైటిస్ బి ఉన్నవాళ్లు ఇది తింటే ముప్పు ఇంకా చాలా రెట్లు పెరుగుతుంది. వండినా, వేయించినా పూర్తిగా పోదు. రసాయనం వేసి పండించామా, సహజంగా పండించామా అనేది బూజుకు పట్టదు. తడి ఉందా లేదా అనేదే దానికి లెక్క.

1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో కామెర్ల లాంటి జబ్బు వచ్చి దాదాపు 400 మంది మంచం పట్టారు, 100 మందికి పైగా చనిపోయారు. మన బాన్సువాడ కాదు, రాజస్థాన్‌లో బాంస్‌వాడా అని ఒక జిల్లా ఉంది, ఆ వైపు ఊళ్లు. కోత సమయంలో వానలు పడి మక్కలు తడిశాయి. వేరే తిండి లేక బూజు పట్టిన వాటినే తిన్నారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పోయి పరిశోధించి, కారణం అఫ్లాటాక్సిన్ అని తేల్చారు. అంత ఎక్కువ మోతాదు ఒక్కసారే ఒంట్లో పడితే జరిగేది అది. కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి పోతే కాలేయ క్యాన్సర్ ముప్పు.

మన జిల్లాలో మక్కలు ఎంత వేస్తామో మీకు తెలుసు. వానాకాలం కంకులు కోసే వేళకు ఒక వాన తప్పకుండా పడుతుంది. అప్పుడు చేయాల్సినవి ఇవి:

* కంకులు, కాయలు మట్టి మీద కాకుండా టార్పాలిన్ మీద ఆరబోయండి. రాత్రి మంచు పడకుండా కప్పండి, పొద్దున ఎండ రాగానే తీసేయండి.
* ఇంటికి దాచుకునే మక్కల్లో తేమ 12–13 శాతం, పల్లికాయలో 8 శాతం మించకూడదు. కొనుగోలు కేంద్రంలో 14 శాతానికి మక్కలు తీసుకుంటారు. దాచుకోవడానికి అది సరిపోదు.
* తేమ మీటర్ లేకపోతే ఉప్పు పరీక్ష చేయండి. పొడి గాజు సీసాలో మూడో వంతు గింజలు, కొంచెం బాగా ఎండిన ఉప్పు వేసి మూత పెట్టి కొన్ని నిమిషాలు ఊపి, కాసేపు ఆగి చూడండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ 15 శాతం పైన ఉన్నట్టు. ఇంకా ఎండాలి.
* పల్లికాయ తొందరగా ఒలవాలని నీళ్లు చల్లే అలవాటు ఉంది. అది ఆపండి. ఆ తడే బూజుకు దారి.
* పల్లీ చేనుకు గింజ నిండే సమయంలో నీటి ఎద్దడి రాకుండా చూడండి. ఎద్దడి వస్తే నేలలోనే కాయకు బూజు సోకుతుంది. పశువుల ఎరువులో ట్రైకోడెర్మా వృద్ధి చేసి దుక్కిలో వేస్తే మేలు.
* సంచులు నేల మీద, గోడకు ఆనించి పెట్టకండి. కింద చెక్కలు వేయండి.
* పుచ్చినవి, ముడుచుకుపోయినవి, రంగు మారినవి, మొలక వచ్చినవి చేత్తో ఏరేయండి. విషంలో ఎక్కువ భాగం ఆ కొద్ది గింజల్లోనే ఉంటుంది.

గానుగ నూనె తీసేవాళ్లు ఇంకో మాట వినాలి. విషంలో ఎక్కువ భాగం చెక్కలోకి పోతుంది, కొంత నూనెలోకి వస్తుంది. రిఫైనరీలో క్షారంతో శుద్ధి చేసేటప్పుడు అది చాలావరకు పోతుంది. మన గానుగ నూనెకు ఆ శుద్ధి లేదు. అంటే రిఫైన్డ్ నూనె వాడికన్నా మనం గింజ ఏరడంలో ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. నేను మొదట్లో "నూనెకే కదా" అని రెండో రకం పల్లీలు కొన్న. ఇప్పుడు ఏరకుండా ఒక్క గింజ గానుగలో వేయను. లీటరుకు ధర కొంచెం పెరిగింది. ఎందుకో కస్టమర్లకు చెప్పిన, అర్థం చేసుకున్నారు.

చెక్క సంగతీ అంతే. బూజు పట్టిన చెక్క ఆవుకు పెడితే, ఆ విషం ఎం1 అనే రూపంలో పాలలోకి వస్తుంది. పాలలో అది లీటరుకు అర మైక్రోగ్రాము మించకూడదని మన దేశ నిబంధన. అంటే గ్రాములో ఇరవై లక్షలో వంతు. అంత చిన్న మోతాదుకే హద్దు పెట్టారంటే ఎంత జాగ్రత్త అవసరమో చూడండి. బూజు పట్టిన మక్కలు, చెక్క బర్రెకు, కోళ్లకు వేయకండి. ఎరువు గుంతలో పూడ్చేయండి.

4. కంచంలో ఏముంది?

నిజం చెప్పండి. మన తోటలో పండిన మంచి కూరగాయ ఎవరు తింటున్నారు? గ్రేడింగ్ చేసి మంచివన్నీ హైదరాబాద్ బాక్సులోకి, పుచ్చులు మన ఇంట్లోకి. కొన్ని ఇళ్లలో అవి కూడా లేవు, పచ్చిపులుసు, తొక్కుతో పూట గడిచిపోతుంది. కూరగాయలు, పండ్లు కలిపి మనిషికి రోజుకు 400 గ్రాములు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. నలుగురున్న ఇంటికి కిలో 600 గ్రాములు. ముందు ఆ కిలోన్నర ఇంటికి తీసి పెట్టి, తర్వాత బాక్సు నింపండి. పుంటికూర, తోటకూర, గట్ల మీద మొలిచే గంగవాయిలి కూర, మునగాకు, పెరట్లో జామ, బొప్పాయి. కొనాల్సింది ఏమీ లేదు.

పొట్టు తీయని ధాన్యంలో పీచు ఉంటుంది. పీచు ఎక్కువ తినేవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ తక్కువని గట్టి ఆధారాలు ఉన్నాయి. మన పెద్దలు తిన్న జొన్నరొట్టె, మక్క గటక, తైదంబలి, సజ్జ రొట్టె అవే. రోజుకు ఒక పూటైనా అవి ఉండేలా చూడండి. కానీ చిరుధాన్యాలు తింటే ఉన్న క్యాన్సర్ కరిగిపోతుందని చెప్పే వీడియోలను నమ్మకండి.

యాట మాంసం, పెద్ద మాంసం పూర్తిగా మానాల్సిన పని లేదు. వండిన తర్వాత తూకంలో వారానికి మనిషికి 350 నుంచి 500 గ్రాములు మించకుండా చూసుకోమని నిపుణులు చెప్తారు. సాసేజ్, సలామీ లాంటి ప్రాసెస్ చేసిన మాంసం ఐఏఆర్‌సీ 2015లో ఒకటో గ్రూపులో పెట్టింది. పిల్లలకు అలవాటు చేయకండి. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా. తొక్కు, పచ్చళ్లలో ఉన్నది కూడా ఆ లెక్కలోకే వస్తుంది. పొగలు కక్కే చాయ్ గడగడా తాగకండి. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాల వల్ల అన్నవాహికకు ముప్పు ఉండొచ్చని ఐఏఆర్‌సీ 2016లో చెప్పింది. రెండు నిమిషాలు ఆగితే చాలు.

బెల్లానికి పేరున్న ప్రాంతం మనది. రసాయనం లేని బెల్లమైనా తీపి తీపే. ఎక్కువైతే బరువు పెరుగుతాం. అధిక బరువుకు 13 రకాల క్యాన్సర్లతో సంబంధం ఉందని తేలింది. "రైతుకు వ్యాయామం ఎందుకు?" అంటారు. మా నాయన నాగలి వెనక నడిచాడు. నేను గట్టు దాకా బండి మీద పోతా, దున్నేది ట్రాక్టర్, కోసేది మిషన్. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా కదలాలి. నేను బండి ఇంటి దగ్గరే పెట్టి పొద్దున పొలానికి నడిచి పోవడం మొదలుపెట్టిన. నీళ్లు కట్టడం, కలుపు తీయడం కూడా లెక్కలోకి వస్తాయి.

5. పొగ, పక్క పొలం, ఖాళీ డబ్బాలు

కట్టెల పొయ్యి పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఆడవాళ్లే ఎక్కువగా పీలుస్తారు. జీవామృతం, కషాయాల కాగులు కూడా ఇంట్లో కాకుండా బయట పెట్టండి. వరి కొయ్యలు కాల్చకండి, నేలలో కలిపేయండి లేదా ఆచ్ఛాదనకు వాడండి. డ్రిప్ పైపులు, మల్చింగ్ షీటు, ఎరువు సంచులు మంటలో వేస్తే వచ్చే పొగ ఇంకా ప్రమాదం.

పురుగుమందుల సంగతి కూడా నిజాయితీగా చెప్పుకుందాం. లిండేన్‌ను ఐఏఆర్‌సీ 2015లో ఒకటో గ్రూపులో పెట్టింది. గ్లైఫోసేట్, మలాథియాన్, డయాజినాన్‌లను అదే ఏడాది "బహుశా క్యాన్సర్ కలిగించవచ్చు" అనే 2ఏ గ్రూపులో పెట్టింది. గ్రూపు అంటే ఆధారం ఎంత బలంగా ఉందో చెప్తుంది, ముప్పు ఎంత పెద్దదో కాదు. అందరికన్నా ఎక్కువ తగిలేది తినేవాడికి కాదు, కొట్టే మనిషికి. పక్క రైతు ఇంకా కొడుతుంటే ఆయనతో గొడవ పెట్టుకోకండి. చేతి తొడుగులు, మాస్కు వేసుకోమనండి. గాలివాటు చూసి కొట్టమనండి. ఆ బట్టలు ఇంట్లో మిగతా బట్టలతో కలిపి ఉతకొద్దని చెప్పండి. ఖాళీ డబ్బాల్లో నీళ్లు, పాలు, నూనె ఎప్పుడూ పోయకండి. కూలీకి మందు కొట్టడానికి పోయే తమ్ముళ్లకు ఈ మాట తప్పకుండా చేరాలి.

6. టీకా, పరీక్ష

కొన్ని క్యాన్సర్లు ఇన్‌ఫెక్షన్ వల్ల వస్తాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు హెచ్‌పీవీ వైరస్ కారణం. దానికి టీకా ఉంది, మన దేశంలోనే తయారవుతోంది. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు వేయిస్తే బాగా పనిచేస్తుంది. కాలేయ క్యాన్సర్ తెచ్చే హెపటైటిస్ బి కి పుట్టిన వెంటనే టీకా వేస్తారు, మీ పిల్లల కార్డులో చూడండి. తల్లి పాలు ఇవ్వడం వల్ల తల్లికి రొమ్ము క్యాన్సర్ ముప్పు కొంత తగ్గుతుంది.

30 ఏళ్లు దాటిన అందరికీ నోరు, ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితంగా ఉన్నాయి. ఊళ్లో ఆశ కార్యకర్తను, ఏఎన్‌ఎంను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. 2019–21 సర్వేలో దేశంలో 30–49 ఏళ్ల మహిళల్లో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు 2 శాతం కూడా లేరు. మన ఇంట్లో అమ్మ, భార్య, వదిన ఆ 2 శాతంలో ఉన్నారా? ట్రాక్టర్‌కు సర్వీసింగ్ తేదీ రాసిపెట్టుకుంటాం, వాళ్ల పరీక్ష తేదీ రాసుకోం.

ఈ గుర్తులు కనపడితే ఆగొద్దు: రెండు మూడు వారాలైనా మానని నోటి పుండు, నోట్లో తెల్ల లేదా ఎర్ర మచ్చ, రొమ్ములో గడ్డ, ముట్లు ఆగిన తర్వాత రక్తం, కలిసిన తర్వాత రక్తం, మలంలో రక్తం, మింగడం కష్టం కావడం, తగ్గని గొంతు బొంగురు, కారణం లేకుండా బరువు తగ్గడం. వీటిలో చాలావరకు క్యాన్సర్ కాకపోవచ్చు. కానీ తేల్చాల్సింది డాక్టర్.

గోమూత్రం, పసుపు, కషాయాలతో క్యాన్సర్ తగ్గించుకున్నామనే మాటలు మన సమూహాల్లో తిరుగుతుంటాయి. గోమూత్రం పొలానికి ఎంత మంచిదో నాకు తెలుసు, రోజూ వాడతాను. కానీ గడ్డ ఉన్న మనిషి వాటితో మూడు నెలలు గడిపితే, చిన్న ఆపరేషన్‌తో పోయేది పెద్దదవుతుంది. కామారెడ్డిలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ చికిత్స ఉంది. డబ్బు లేదని ఇంట్లో కూర్చోవద్దు.

కాకా ఏమన్నాడంటే

కాకా ఇప్పుడు మళ్లీ పొలానికి పోతున్నాడు. జొన్నరొట్టె నమలలేడు, అంబలి తాగుతాడు. మాట కొంచెం ముద్దగా వస్తుంది. పోయిన నెల కలిసినప్పుడు పాత వీడియో సంగతి చెప్పిన, ఆ పది సెకన్లు నేనే కట్ చేసిన అని. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు: "నా దగ్గర ఆ ముక్క ఉంటే నేనే చూపిస్తుంటి కొడుకా. అది మళ్ల పెట్టు. నా మొఖం కనపడకుండ పెట్టు, శాన."

పై వీడియోలో మొదట కనపడే చేయి, ఆ ప్యాకెట్, అదే. ఆయన ఒప్పుకుంటేనే పెట్టిన.

ఈ రోజు ఇంట్లో రెండు పనులు చేయండి. అద్దం ముందు నోరు తెరిచి మూడు వేళ్లు పెట్టి చూసుకోండి. కొట్టంలో సంచి విప్పి గింజలు వాసన చూడండి. బూజు వాసన వస్తే ఆ సంచి పక్కకు తీయండి. పొలంలో విషం మానిపించే పని ఎట్లాగూ చేస్తున్నాం, చేస్తూనే ఉందాం. అనుమానాలు ఉంటే వీడియో కింద రాయండి, తెలిసినంత వరకు జవాబు ఇస్తాను. తెలియనివి డాక్టర్‌ను అడిగి చెప్తాను.

వచ్చే వారం మక్కల ఆరబెట్టే పద్ధతి మీద మన చేను నుంచే వీడియో. అప్పటిదాకా నమస్తే.